ఊడొచ్చే పిడి

ఆ పడుగును చంపింది మీరు. ఎలుకలు కాదు.

షెడ్డు గోడ మీద నీలి రంగుతో "ఇది సభ్యులందరి సొత్తు" అని రాయించింది మీరే. ఆ షెడ్డుకు తాళం వేసి, చెవి ఒకడి మొలతాడుకు కట్టింది మీరే. లోపలి చక్రానికి ఊడొచ్చే పిడి చేయించి, ఆ పిడిని ఇంకొకరి ఇంట్లో కొయ్యకు తగిలించింది మీరే. సంఘం పెద్దలు, బ్లాకు ఆఫీసు దొరలు, పట్నం నుంచి వచ్చి బోల్టులు బిగించి మధ్యాహ్నం బస్సుకు చెక్కేసిన మిస్త్రీ, ఎవరినడిగినా ఒకటే మాట: "నేను చేసిందేముంది?" ఏం చేశారో రాజమణి ఇంటికి పోయి చూడండి. చూసే తీరిక లేకపోతే ఇక్కడే వినండి.

పోచంపల్లికి ఎగువన గుట్టకు ఆనుకుని ఉన్న ఊరు అది. ఆ ఏడు ఆషాఢంలో ముసురు పట్టుకుంది. ఎండాకాలమైతే ఫికరు లేదు. మగ్గాల వాడలో ఆడవాళ్లు వీధి పొడవునా పుల్లలు పాతి, రెండు చేతుల్లో దారం పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి నడిచి పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలు, పోసుకుంటారు. కాళ్లు లాగుతాయి, భుజం పీకుతుంది, అయినా పని అవుతుంది. వాన పడితే వీధంతా బురద. ఇంట్లో పోద్దామంటే గుంత మగ్గమే సగం ఇల్లు మింగి కూర్చుంటుంది. అందుకే గదా నేతపనివాళ్లందరి పేరు మీద సర్కారు ఆ పెద్ద చక్రం ఇచ్చింది! మనిషెత్తు కట్టె డ్రమ్ము, ఎదురుగా బాబిన్లు గుచ్చే చట్రం, తిప్పడానికి ఇనుప పిడి. ఒకరు తిప్పుతుంటే ఒకరు తెగిన దారాలు ముడి వేసుకుంటారు. నడక లేదు. పైన రేకులు. ఎంత వాన కొట్టినా పడుగు తడవదు.

మంగళవారం పొద్దున్నే రాజమణి బాబిన్ల గంప నెత్తిన పెట్టుకుని, మీద గోనెసంచి కప్పుకుని షెడ్డు దగ్గరికి వచ్చింది. నూలుకు గంజి పెట్టి, పొయ్యి సెగకు ఆరబెట్టి, రాట్నం మీద బాబిన్లకు చుట్టి తెచ్చింది. వెనక ఇంట్లో ఆమె మగడు వెంకటనర్సు ఉత్త మగ్గం గుంతలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. పని లేకపోయినా పొద్దున లేస్తే అక్కడే కూర్చోవడం ఆయనకు అలవాటు.

"ఆదివారం దాక సూస్త," అన్నాడు ఆమె బయటికి వస్తుంటే. "అప్పటికి మగ్గం మీద పడుగు ఎక్కకుంటే మన వాడ సైదులు ఎంట షోలాపూర్ మిల్లుకు పోత. ఇగ నన్ను ఆపకు."

 వెంకటనర్సు వాళ్ల పెద్దన్న కూడా ఆ షోలాపూర్ మిల్లులోనే చేరాడు. దగ్గు మోసుకుని తిరిగొచ్చాడు, ఆ దగ్గుతోనే పోయాడు. ఆయన నెత్తురు కక్కిన పాత పంచెను రాజమణే ఉతికింది. ఆదివారం లోపల పడుగు మగ్గం ఎక్కాలి. అంతే. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

షెడ్డుకు తాళం ఉంది. తాళంచెవి భిక్షం దగ్గర ఉంటుంది. సంఘానికి కార్యదర్శి, సడక్ మీద చాయ హోటలు ఆయనదే. రాజమణి పోయి పిలిస్తే, గల్లా మీద తమ్ముణ్ని కూర్చోబెట్టి, గొణుక్కుంటూ వచ్చి తలుపు తీశాడు. రాజమణి గంప దింపి చక్రం దగ్గరికి పోయింది. ఇరుసు చివర నలుపలకల ఇనుము మొండిగా బయటికి పొడుచుకుని ఉంది. పిడి లేదు.

"పిడేదన్నా?"

"నన్నడుగుతవేంది? తలుపు తీసుడు నా పని. పిడి ఎల్లస్వామి సేటు తాన ఉంటది."

"మరి గా ముచ్చట ఆడనే చెప్తే గంప మోసుకొస్తునా?"

"నువ్వు తలుపు తియ్యమన్నవు, తీసిన. పిడి అడిగినవా?" భిక్షం మళ్లీ తాళం వేసి, చెవిని మొలతాడుకు దోపుకుని, నీళ్ల గుంటలు దాటుకుంటూ హోటలుకు పోయాడు.

ఎల్లస్వామి సంఘానికి అధ్యక్షుడు. ఆయన పంచే నూలు మీదే వాడలో సగం మగ్గాలు నడుస్తాయి. ఇంటి ముందు వసారాలో ఆయన భార్య సుగుణమ్మ బియ్యం చెరుగుతోంది. ఆమె వెనక గోడకు కొయ్య. కొయ్యకు పిడి. అరచేయి రాసుకుని రాసుకుని నున్నగా మెరుస్తోంది. అంటే రోజూ ఎవరో తిప్పుతున్నారన్నమాట.

"అక్కా, జర పిడి ఇయ్యరాదు. పొద్దుగూకే వరకు తెచ్చిస్త."

"మీ మామ పట్నం పోయిండే. ఆయన చెప్పంది నేను ముట్ట."

"గీడనే ఉన్నది గదక్కా."

"ఉంటే? సూడు, సూస్తే నేనొద్దన్ననా? తీస్కపోతనంటే మాత్రం ఆయన నోటితోని రావాలె."

అప్పుడే ఎల్లస్వామి జీతగాడు తడిసిన కాళ్లతో వసారా ఎక్కి, ఎవరినీ అడగకుండా పిడి అందుకుని, భుజాన వేసుకుని దిగిపోయాడు. సేటు నూలు చక్రానికి ఎక్కించాలిగదా! రాజమణి ఆ పోయేవాణ్ని చూసింది, సుగుణమ్మను చూసింది.

"వాడు మా ఇంటోడు," అంది సుగుణమ్మ చేట ఆపకుండానే.

బుధవారం మధ్యాహ్నానికి ఎల్లస్వామి బస్సు దిగాడు. కోపిష్టి మనిషి కాదు. కోపిష్టి అయితే బాగుండేది, తిట్టి అయినా రావచ్చు. ఆయన నవ్వుతూ మాట్లాడతాడు, మాట్లాడుతూ నీ నోరు మూయిస్తాడు.

"ఇంతసేపు ఎందుకు ఊకున్నవే? నీ సొమ్మే గదా అది! మరి నేనెందుకు దాస్తున్ననంటవా? పదిమంది చేతులు పడితే పనిముట్టు నిలుస్తదా? పోరగాండ్లు తిప్పి చక్రం పండ్లు ఇరగ్గొడితే పట్నం నుంచి మిస్త్రీ రావాలె. అందరి మంచికే ఒక్కల చేతిల పెట్టిన్రు. తీస్కపో. పొద్దుగూకంగనే తెచ్చియ్యి."

రాజమణి పిడి కొంగులో చుట్టుకుని పరుగెత్తింది. ఈసారి భిక్షం హోటల్లో లేడు. ఊరవతల తన చెలకలో, చేను పని దగ్గర దొరికాడు. తలుపు తెరిచేటప్పటికి సగం పొద్దు కరిగిపోయింది. పక్కింటి అండాలు పిలవకముందే వచ్చింది. ఆమె ఇంట్లోనూ మగ్గం ఉత్తదే. ఆమె మామ, మంచాన పడ్డ కొడుకు మీద అరుస్తూ, రోజంతా పేక దారం లేని ఖాళీ నాడె చేతిలో తిప్పుకుంటూ ఉంటాడు.

"నువ్వు దారాలు సూస్కో వదినా. తిప్పుడు నా వంతు," అంది అండాలు కొంగు నడుముకు బిగించి.

చక్రం కిర్రుమంది, కదిలింది, ఊపందుకుంది. బాబిన్లు చట్రంలో గిరగిర తిరుగుతుంటే దారాలు వాన ధారల్లా వచ్చి డ్రమ్ము మీద వరసగా పరుచుకున్నాయి. రాజమణి వేళ్లు దారాల మధ్య ఆడుతున్నాయి. ఒకటి తెగితే "ఆగు" అంటుంది, ఉమ్మి తడిపి ముడి వేస్తుంది, కొసను పంటితో కొరికి తెంపుతుంది, "పోనీ" అంటుంది. గంజి పట్టిన నూలు వాసన షెడ్డంతా నిండింది.

"ఏమాట కామాట వదినా, గీ లెక్కన మన కాళ్లు ఏం పాపం చేసినయని ఇన్నొద్దులు బురదల తిప్పినం?"

"నవ్వియ్యకే, ముడి జారుతది."

నవ్వుతూనే ఇద్దరూ పని చేశారు. పడుగులో పెద్ద భాగం డ్రమ్ము ఎక్కింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటుండగానే గుమ్మంలో భిక్షం నిలబడ్డాడు.

"పొద్దుగూకింది. లెవ్వున్రి."

"జరంతనే ఉన్నదన్నా. దీపం పెట్టుకుంట."

"షెడ్ల దీపం పెట్టొద్దని రాసిన్రు."

"అయితే నేను గీడనే పండుకుంట. గంజి నూలన్నా ఇది. ఎలుకలు ఊకుంటయా? ఇంట్లయితే పడుగు పక్కనే పండుకుంటం."

"ఆడిదానివి సంఘం షెడ్ల పండుడేంది? రేపు మంది నన్నంటరు. పొద్దుగాల్నే వచ్చి తీస్త, పో."

సగంలో పడుగు దింపితే చిక్కు పడుతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. దింపకుండా వదిలితే ఎలుకలు. రాజమణి ఒక్క క్షణం డ్రమ్ము మీద అరచేయి ఆనించి నిలబడింది. పొద్దున్నే తెరుస్తానన్నాడుగదా అనుకుంది. తన పాత గోనెసంచి డ్రమ్ము మీద కప్పి బయటికి వచ్చింది. పిడి తీసుకుపోయి సుగుణమ్మ చేతికిచ్చింది. సుగుణమ్మ కొయ్యకు తగిలించింది.

గురువారం పొద్దున భిక్షం లేడు. చౌటుప్పల్‌లో అత్తగారింట ఎవరో పోయారని కబురు వస్తే తెల్లారకముందే వెళ్లాడట. తాళంచెవి?

"మొలకే ఉంటది గద," అన్నాడు గల్లా మీది తమ్ముడు. "శనివారం వస్తడు."

రాజమణి ఎల్లస్వామి దగ్గరికి పరుగెత్తింది. ఆయన అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"తాళం నా పని కాదే. రెండు చేతుల్ల ఉండాలనే గదా పెట్టింది! పగలగొడ్తనంటే అది సర్కారు సొమ్ము, పోలీసు ముచ్చట. పిడి కావాల్నా? గదిగో, తీస్కపో. నేను వద్దంటలేను."

నిజంగానే పిడి ఇచ్చాడు. మంగళవారం తలుపు తెరిస్తే పిడి లేదు. గురువారం పిడి చేతిలో ఉంది, తలుపు మూసి ఉంది. రాజమణి ఆ ఇనుప ముక్క ఒళ్లో పెట్టుకుని షెడ్డు కిటికీ కింద కూలబడింది.

వెంకటనర్సు గడ్డపార తీసుకుని వచ్చాడు. "జరుగు."

"వద్దయ్యా."

"జరుగంటున్నగదా!"

"నిన్ను నల్లగొండ జైల్ల ఏస్తే పడుగుతోని నేనేం చేసుకోను? రెండు రోజులు ఆగు. ఏం కాదు." గడ్డపారను రెండు చేతులా పట్టుకుని వేలాడింది. ఆయన విడిచిపెట్టి ఇంటికి పోయాడు. ఆ గడ్డపారను ఆపడమే తన తప్పని రాజమణికి తర్వాత తెలిసింది. తాళానికి భయపడటం అంత బాగా నేర్పారు మీరు.

కిటికీకి ఊచలున్నాయి, మనిషి దూరదు. కళ్లు మాత్రం దూరతాయి. మధ్యాహ్నం వెలుతురులో ఆమె చూసింది. గోనెసంచి కదిలింది. కింద నుంచి ఒక ముక్కు, మీసాలు. తర్వాత ఇంకొకటి. పట్టపగలే. మనుషులు రారని వాటికి తెలిసిపోయింది.

"హుష్!" అని అరిచింది. పిడితో ఊచల మీద ఠంగు ఠంగున కొట్టింది. అవి ఆగాయి, విన్నాయి, మళ్లీ కొరకడం మొదలుపెట్టాయి. గులకరాళ్లు ఏరి విసిరింది. రాయి ఎలుకకు తగల్లేదు, దారాలకు తగిలింది. నాలుగు దారాలు పటుక్కున తెగి వేలాడాయి. తన చేత్తోనే తెంపింది. చేతిలో మిగిలిన రాళ్లు జారవిడిచి, ఊచలకు నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. కరకర శబ్దం మాత్రం వినిపిస్తూనే ఉంది. అండాలు వచ్చి చేయి పట్టుకుని లాగినా కదల్లేదు. శుక్రవారం మళ్లీ వచ్చింది. ఏం చేయడానికి? ఏమీ లేదు. చావు దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది.

శనివారం భిక్షం వచ్చి తలుపు తీశాడు. గోనెసంచి ఎత్తితే పడుగు చేతిలోకి గడ్డివాము పీకినట్టు వచ్చింది. అడుగున గంజి తిని, నూలు ఉమ్మి, గూడు కట్టుకున్నాయి. గూట్లో కళ్లు తెరవని గులాబి రంగు పిల్లలున్నాయి. రాజమణి ఏడవలేదు. నూలు పీలికలు కొంగులోకి ఏరుకుంటూ పోయింది. పనికిరావని తెలుసు. అయినా ఏరింది.

ఎల్లస్వామి వచ్చాడు. చూశాడు. నాలుక చప్పరించాడు.

"గంజి పెట్టిన నూలు చక్రం మీద ఇడిసిపెట్టి పోతరాయే? నేర్చినదానివి, నువ్వే గిట్ల చేస్తే ఎట్ల?"

"ఇడిసిపెట్టింది నేనా మామా?" అంది రాజమణి.  ఆ ఒక్క మాటకే వాడ అంతా షెడ్డు ముందు చేరింది. ఎవరో ముసలమ్మ మన్ను పోసి తిట్టింది. ఎవరో మగవాడు ఎల్లస్వామికి వినబడేటట్టే ఖాండ్రించి ఉమ్మాడు. ఎల్లస్వామి ఆ ముఖాలన్నీ చూశాడు. సోమవారం బ్లాకు ఆఫీసరు చక్రం చూడటానికి వస్తాడని ఆయనకు తెలుసు.

ఆ సాయంత్రం ఆయన రాజమణి గుమ్మం ముందుకు వచ్చాడు. జీతగాడి నెత్తి మీద కొత్త నూలు మూట. ఆయన చేతిలో పిడి. భిక్షం మొలతాడు నుంచి విడిపించిన తాళంచెవి కూడా.

"అయ్యింది ఏదో అయ్యింది. ఇగో నూలు. పిడి, చెవి రెండూ ఇగ నీ తాననే. ఎవరికియ్యాల్నో, ఎవరికొద్దో నువ్వే సూడు. దొర వచ్చిన్నాడు మాత్రం పాతవన్నీ తవ్వకు బిడ్డా."

వెంకటనర్సు మగ్గం గుంతలోంచి తల ఎత్తి భార్యను చూశాడు.  ఆయన షోలాపూర్ మూట గోడ దగ్గర కట్టి ఉంది. రాజమణి ఆ మూటను చూసింది. చేయి చాచి పిడి తీసుకుంది.

ఆదివారం సైదులు ఒక్కడే పోయాడు.

సోమవారం ఆఫీసరు గొడుగు కింద నడుచుకుంటూ వచ్చాడు. చక్రాన్ని వేలితో తట్టాడు. "ఏమమ్మా, ఇబ్బందులేమన్నా ఉన్నాయా?" అన్నాడు. షెడ్డు ముందు అండాలు ఉంది, ముసలమ్మ ఉంది, వాడ అంతా ఉంది. అందరూ రాజమణి నోటి వైపే చూస్తున్నారు. రాజమణి తల వంచుకుని "ఏం లేవు సారు" అంది. "పిడి బాధ్యత కల మనిషి చేతిలో ఉంది, బాగుంది," అని ఆఫీసరు జీపు ఎక్కాడు.

మంగళవారం పొద్దున. రాజమణి ఇంట్లో బాబిన్లకు నూలు చుడుతోంది. పిడి మగ్గం పైన దూలానికి కొట్టిన మేకుకు వేలాడుతోంది. ఎందుకో అక్కడే తగిలించాలనిపించింది. గుమ్మంలో నీడ పడింది. అండాలు, నెత్తిన గంప, మీద గోనెసంచి.

"వదినా, మా మామ పాణం తీస్తాండు. ఇయ్యాల నా పడుగు ఎక్కియ్యాలె. పిడి ఇయ్యవా?"

రాజమణి రాట్నం ఆపకుండానే అంది: "మాదే ఎక్కలేదు ఇంక. రేపు రారాదే."

అండాలు కళ్లు దూలం మీది మేకుకు పోయాయి. పిడిని చూశాయి. దిగి వచ్చి రాజమణి ముఖం మీద ఆగాయి. బుధవారం నాడు చక్రం తిప్పి తిప్పి పగిలిన బొబ్బలు అండాలు అరచేతుల్లో ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"అట్లనే తీ సేటమ్మా," అంది అండాలు. "నీ నోటితోని ఎప్పుడొస్తే అప్పుడే వస్త."

గంప సర్దుకుని వానలోకి వెళ్లిపోయింది.

రాట్నం ఆగిపోయింది.  రాజమణి లేచి పీట వేసుకుని పిడి అందుకుంది. చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. నున్నగా ఉంది, చల్లగా ఉంది. ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల నోట అదే మాట వస్తుంది. సుగుణమ్మది చెడ్డ బుద్ధి అనుకుంది ఇన్నాళ్లూ.

గోనెసంచి కూడా కప్పుకోకుండా కమ్మరి యాదయ్య కొలిమికి పోయింది.

"యాదయ్య మామా, సుత్తె పట్టుకుని షెడ్డు కాడికి రా."

"ఇరిగిందా ఏంది?"

"ఇరగలే. ఊడొస్తాంది. ఊడకుండ కొట్టాలె."

యాదయ్య ఇరుసు చూశాడు, పిడి చూశాడు. పిడి నిలవడానికి దూర్చే సన్నని చీలను వేళ్లతో తీసి చూపించాడు. "ఊడేటందుకే చేసిన్రు పిల్లా ఇది."

"తెలుసు. దీని జాగల లావు చీల కాల్చి దింపు. రెండు దిక్కుల తలలు అణగ్గొట్టు. మళ్ల నువ్వే వచ్చి తీద్దామన్నా ఊడి రావద్దు."

"సేటు అడుగుతడు."

"రాజమణి కొట్టమన్నదని చెప్పు. ఇంకోటి. తలుపుకున్న కొండి గూడ పీకు. లోపటి గడియ సాలు. ఎవరి పడుగు చక్రం మీదుంటే వాళ్లే ఆ రాత్రి గీడ పండుకుంటరు. ఎలుకలకు వాళ్లే కావలి."

ఎర్రగా కాలిన చీల ఇనుములోకి దిగుతుంటే తడి గాలిలో సుయ్యిమని పొగ లేచింది. సుత్తె దెబ్బలకు వాడ లేచి వచ్చింది. రాజమణి వాళ్ల మధ్య నుంచి నడిచి పోయింది. అండాలు ఇంటి గుమ్మం ముందు నిలబడి ఆమెను పిలిచింది.

"గంప తేపో. ముందుగాల నీదే. తిప్పుడు నా వంతు."

అండాలు వెంటనే నవ్వలేదు. గంప మాత్రం తెచ్చింది.

ఇక్కడితో ఊరు బాగుపడిందని చెబితే అది అబద్ధం. ఎల్లస్వామి కేకలు వేయలేదు. ఇచ్చిన నూలు నేయనిచ్చాడు, బట్ట తీసుకున్నాడు, తర్వాతి పంపకం నాడు నవ్వుతూనే "నీకు నూలు రాలేదే ఈ తాప" అన్నాడు. ఆ తర్వాతి పంపకానికీ అదే మాట. శ్రావణం దాటకముందే వెంకటనర్సు గోడ దగ్గరి మూట భుజాన వేసుకున్నాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు షెడ్డు వైపు నుంచి కిర్రు కిర్రున చప్పుడు వినిపించింది.

"ఎవరిది?" అన్నాడు.

"ముసలమ్మది. నిన్న రాత్రి ఆడనే పండుకున్నది."

ఆయన చెవి ఒగ్గి కొంచెంసేపు విన్నాడు. "మంచిగ తిరుగుతాంది," అన్నాడు. ఒకసారి దగ్గాడు. వాన తడికి వచ్చిన దగ్గే. అయినా రాజమణి కళ్లు ఆయన పంచె మీదికి పోయాయి. బస్సు వచ్చింది. పోయింది. ఆమె ఇంటికి పోలేదు. షెడ్డుకు పోయి, అలసిపోయిన ముసలమ్మ కోడలిని పక్కకు జరిపి, పిడి పట్టుకుంది.

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. నల్లగొండ నుంచి మక్తల్ దాకా "అందరి సొత్తు" అని బోర్డు ఉన్న ప్రతి తలుపుకూ ఒక తాళం ఉంది, ప్రతి పనిముట్టుకూ ఊడొచ్చే పిడి ఉంది. విచారణలు వద్దు. గొడుగు కింద వచ్చి ఇబ్బందులేమన్నా ఉన్నాయా అని అడగొద్దు. పిడులన్నీ కొయ్యల మీద నుంచి దింపండి. ఎక్కడివక్కడ ఇరుసులకు దిగ్గొట్టండి. తలుపుల కొండీలు పీకండి. రాజమణికి ఎగ్గొట్టిన నూలు ఆమె గుమ్మంలో దింపండి, ఆమె మగణ్ని దగ్గు పట్టకముందే షోలాపూర్ నుంచి తిరిగి రప్పించండి. వచ్చే పంపకం దాకా కాదు. ఇయ్యాల. మీరు చేయకపోతే యాదయ్య కొలిమి మండుతూనే ఉంది, వాడకు సుత్తె పట్టడం వచ్చింది.